ఎస్.కోటలో కోట ఏదీ? అసలు "కోట" అన్న మాట ఎక్కడిది?

గోస్తనీ_గట్టు

అందరికీ నమస్తే. మాది ఎస్.కోట, అదే శృంగవరపుకోట, అరకు రైలెక్కినోళ్ళందరికీ తెలిసిన స్టేషనే. పక్కనే లక్కవరపుకోట కూడా ఉంది, ఎల్.కోట అంటాం. బయటూరి ఫ్రెండ్స్ ఎవరొచ్చినా ఫస్ట్ అడిగేది "ఏదిరా మీ కోట, చూపించు" అని. నేనేటి చూపిస్తాను, బస్టాండూ కొండలూ తప్ప.

మొన్న ఆఫీసులో లంచ్ టైములో దీనిమీదే పెద్ద డిస్కషన్ అయిపోయింది. ఒకాయన కోట అంటే సంస్కృతమే, పఠాన్‌కోట్, రాజ్‌కోట్ అని నార్త్ అంతా ఉంది కదా అన్నాడు. ఇంకో చెన్నై ఆవిడ కాదు మా పుదుక్కోట్టై చూడు, అది తమిళం, మీరు మా దగ్గర తీసుకున్నారు అంది. నాకు రెండూ నచ్చలేదు గానీ నా దగ్గర ఆన్సర్ లేదు, సాంబారన్నం తినేసి లేచిపోయాను.

ఇంకో డౌటు కూడా ఉంది. మా అమ్మమ్మది బొబ్బిలి దగ్గర. ఆవిడ దృష్టిలో కోట అంటే రాజావారి ఇల్లు, అంతే. "కోటలోంచి కబురొచ్చింది", "కోటలో పెళ్ళి" అనేది. గోడలు, బురుజులు, ఫిరంగులు అవేవీ ఆ మాటలో ఉండేవి కావు. మరి కోట అంటే గోడా, ఇల్లా, ఊరా? దుర్గం, ఖిల్లా, గడి ఇవన్నీ కూడా అదేనా లేకపోతే వేరేవా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి, వికీ లింకు పడేసి వెళ్ళిపోకండి దయచేసి.

పాతనిఘంటువు

మంచి ప్రశ్న. మీ ఆఫీసులో ఇద్దరూ సగం సగం కరెక్టే, కానీ ఇద్దరూ చెప్పిన కన్‌క్లూజన్ తప్పు.

ముందు చెన్నై ఆవిడ సంగతి. తమిళంలో కోట్టై, మలయాళంలో కోట్ట, కన్నడంలో కోటె, తుళులో కోటె, మనకి కోట. ఇన్ని భాషల్లో ఇంత దగ్గరగా ఉందంటే ఒకళ్ళు ఇంకొకళ్ళ దగ్గర అప్పు తెచ్చుకున్నారని కాదు, అందరికీ ఒకే ఉమ్మడి ఆస్తి నుంచి వాటా వచ్చిందని. బరో, ఎమెనో చేసిన ద్రావిడ భాషల నిఘంటువులో ఇవన్నీ ఒకే పద్దు కింద ఉంటాయి. అంచేత మనం తమిళం నుంచి తీసుకున్నామనడం, మా అన్నయ్య ముక్కు నా ముక్కులా ఉంది కాబట్టి వాడు నాది కొట్టేశాడు అన్నట్టు ఉంటుంది.

ఇక సంస్కృతం. సంస్కృతంలో కోట్ట, కోట అనే మాటలు ఉన్నాయి, నిజమే. పఠాన్‌కోట్, సియాల్‌కోట్, రాజ్‌కోట్ వాటినుంచి వచ్చినవే. కానీ ఒకటి గమనించండి, ఋగ్వేదంలో కోటకి వాడిన మాట ఇది కాదు, "పుర్". ఇంద్రుడికి పురందరుడు అని పేరు ఎందుకొచ్చింది, శత్రువుల పురాలు బద్దలుకొట్టాడని. అంటే మన పార్వతీపురం లాంటి పేర్లలో ఉన్న పురం అనే మాట కూడా పుట్టుకలో కోటే, తర్వాత్తర్వాత ఊరు అనే అర్థంలోకి దిగిపోయింది. "కోట్ట" సంస్కృత పుస్తకాల్లోకి చాలా తర్వాత వచ్చింది, అటు దక్షిణాది ద్రావిడ భాషల్లో చూస్తే దాదాపు అన్నిట్లో ఉంది. అందుకే చాలామంది భాషావేత్తలు ఇది ఇక్కణ్ణించి అక్కడికి వెళ్ళిన మాటే అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది.

మూలార్థం అంటారా, తమిళంలో కోడు అంటే వంపు, గీత, కొమ్ము, కొండ శిఖరం ఇలా చాలా ఉన్నాయి, బలమైన స్థావరం అనే అర్థం కూడా ఉంది. కోట్టం అంటే వంకర, చుట్టూ కట్టిన ఆవరణ. వంపు తిరిగి చుట్టి వచ్చే గోడ, దాని లోపలి జాగా, అలా వచ్చిందని కొందరు. ఇది వినడానికి బావుంటుంది, అయినా నేను దీన్ని పందెం కాసేంత గట్టిగా చెప్పను. కోట అనే మాట ద్రావిడం అన్నదానికి మాత్రం కాస్తాను.

మీ అమ్మమ్మగారి మాట దగ్గరికొస్తే, ఆవిడ తప్పేం అనలేదు. కొడగు వాళ్ళ భాషలో కూడా ఇదే మాటకి రాజభవనం అని అర్థం. గోడకి ఉన్న పేరు లోపలున్న ఇంటికి పాకడం, ఇంటి పేరు ఊరికి పాకడం, అన్నిచోట్లా జరిగిందే.

బెలగాం_బుల్లోడు

మాస్టారూ ప్రతీదీ ద్రావిడం అనేస్తే ఎలాగండీ, మన దుర్గం సంస్కృతం కాదా? కోటకి దుర్గం అనేకదా పుస్తకాల్లో రాస్తారు.

పాతనిఘంటువు

దుర్గం సంస్కృతమే, ఎవరు కాదన్నారు బాబూ. దుః + గమ్, చేరడానికి కష్టమైనది. దుర్గమం అంటాం చూడండి, అదే. అందులో గోడ అన్న ఊసే లేదు, శత్రువు కాలు పెట్టలేని చోటు అంతే. అందుకే కొండ కూడా దుర్గమే, అడవి కూడా దుర్గమే. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు నాలుగు రకాలు చెప్పాడు: నీళ్ళ మధ్య ఉండేది, కొండమీదది, నీరు దొరకని ఎడారిది, అడవిది. మనుస్మృతిలో ఆరున్నాయి, అందులో ఒకటి నృదుర్గం, చుట్టూ మనుషులే, అంటే సైన్యమే కోట. కోట అన్నది మనం కట్టేది. దుర్గం అన్నది కట్టినా కట్టకపోయినా ఉండేది. తెలుగులో "పెట్టని కోట" అంటాం, కొండలు ఆ ఊరికి పెట్టని కోట అని, అచ్చంగా దుర్గం అంటే అదే.

పాలకొండ కోటదుర్గమ్మ తల్లి పేరులో రెండు మాటలూ పక్కపక్కనే కూర్చున్నాయి, ఎప్పుడైనా ఆలోచించారా.

బెలగాం_బుల్లోడు

ఓహో. ఏటేటా దసరాకి ఎల్తాను గానీ ఈ మాట తట్టలేదు. సరే ఒప్పుకున్నాను, సగం 😄

వంశధార_ఒడ్డు

గోస్తనీ తమ్ముడూ, నీ ఫ్రెండ్స్‌కి ఈసారి కోట చూపించాలంటే ఎస్.కోటలో వెతక్కు, సిక్కోలు, అదే శ్రీకాకుళం వైపు తీసుకురా. సరుబుజ్జిలి మండలంలో దంతవరపుకోట ఉంది. ఇప్పుడు పేరు చూడు: శృంగవరపుకోట, లక్కవరపుకోట, దంతవరపుకోట. మూడూ ఒకే అచ్చు. శృంగవరం, లక్కవరం అనే ఊరి పేరుకి "పు" చేరి వరపు అయింది, దాని వెనకాల కోట. మన ఇంటిపేర్లలో కూడా ఈ వరపులు ఎన్ని లేవు. అంటే మీ ఊరి అసలు పేరు శృంగవరం అయ్యుండాలి, కోట దానికి తగిలించిన తోక.

దంతవరపుకోటనే దంతపురం అంటారు, కళింగుల పాత రాజధానిగా చెప్పుకునే చోటు. జనం దంతవక్త్రుడి కోట అని కూడా అంటారు. అక్కడికెళ్ళి రాతిగోడలూ సింహద్వారమూ ఉంటాయనుకుంటే ఉసూరుమంటావు. అదంతా మట్టికట్ట. దూరం నుంచి చూస్తే చెరువు గట్టేమో అనుకుంటాం, మీద గడ్డీ తుప్పలూ. కానీ ఎక్కి చూస్తే తెలుస్తాది, ఆ గట్టు ఊరుకే అలగ లేదు, చుట్టూ తిరిగొచ్చింది.

ఇక్కడ అసలు విషయం ఏటంటే కోట అంటే మనకి సినిమా వల్ల రాతికోట గుర్తొస్తాది, కానీ మన దేశంలో మట్టికోటలు కూడా చాలానే ఉండేవి. అర్థశాస్త్రంలో కోట కట్టే పద్ధతి చదివితే సివిల్ ఇంజనీరు ఎస్టిమేట్ చదివినట్టే ఉంటాది. ముందు చుట్టూ కందకాలు తవ్వమంటాడు, ఒకటి కాదు మూడు. అందులో నీళ్ళు పెట్టి తామరలూ మొసళ్ళూ వదలమంటాడు. తవ్విన మట్టి పారెయ్యకుండా లోపలి వైపు గట్టు పోసి, ఏనుగుల చేత ఎద్దుల చేత తొక్కించి గట్టిపరచాలి. ఆ గట్టుమీద ముళ్ళతుప్పలూ విషపు తీగలూ పెంచాలి. ఆ గట్టుమీద ఇటికలతో ప్రాకారం లేపాలి. రాయి పర్లేదు గానీ కర్ర మాత్రం వాడొద్దంటాడు, అందులో నిప్పు కాచుకుని కూర్చుంటాదట. గొయ్యీ గోడా ఒకే పనిలో అయిపోతున్నాయి చూడు, ఎంత లోతు తవ్వితే అంత ఎత్తు లేస్తాది. మట్టి ఎక్కణ్ణించో తోలక్కర్లేదు.

అందుకే ఇలాంటి కోటలు మిగల్లేదు కూడా. పైన ఇటికలు ఊరోళ్ళు పట్టుకుపోతారు, గట్టు వానకి కరుగుతాది, మిగిలింది పాటిదిబ్బ. పాటిమన్ను చేలకి మంచిదని బళ్ళతో తోలేసుకుంటారు. రెండు మూడు తరాలైతే కోట పోయి ఊరి పేరులో మాత్రం ఉంటాది. మీ ఎస్.కోటలో వెతికితే గోడలు దొరకవు కాబట్టి కోటే లేదనుకోకు.

బొబ్బిలి పాత కోట కూడా మట్టిదే. 1757 జనవరి 24న ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు పెట్టింది ఆ మట్టిగోడల మీదే. ఈ రోజు బొబ్బిల్లో చూసేది తర్వాత కట్టినవి, యుద్ధస్తంభం కూడా తర్వాతదే. అప్పట్లో తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు, కబురు తెలిసి వచ్చేటప్పటికి కోట అయిపోయింది, ఆ తర్వాత ఒక రాత్రి విజయనగరం విజయరామరాజు డేరాలో ఏటి జరిగిందో మన జిల్లాల్లో చిన్న గుంటణ్ణి అడిగినా చెప్తాడు.

మూడులాంతర్లు

వంశధార అన్నా బాగా చెప్పావు గానీ విజయనగరం కోటని వదిలేశావేటి 😀 రాతికోట కావాలంటే మా ఊరే రావాలి. పూసపాటి వాళ్ళు అంతకుముందు కుమిలిలో ఉండేవారు, అక్కడున్నది మట్టికోట. తర్వాత ఇక్కడికొచ్చి 1713లో రాతికోటకి శంకుస్థాపన చేశారు. ఐదు విజయాల కథ తెలుసు కదా: విజయరామరాజు పేరు, విజయనగరం, విజయ నామ సంవత్సరం, విజయదశమి, ఐదోది జయవారం అంటే మంగళవారం. మొన్న 2013లో వచ్చింది కూడా విజయ నామ సంవత్సరమే, అరవయ్యేసి చొప్పున ఐదుసార్లు వెనక్కి లెక్కేసుకోండి, 1713 కరెక్ట్‌గా తగుల్తుంది. ఇప్పుడు లోపల కాలేజీలు నడుస్తున్నాయి, రాజులుండే చోట పిల్లలు హాల్ టికెట్ల కోసం క్యూ కడతారు.

నేను చెప్పాలనుకున్నది మాటల గురించి. కోట ద్రావిడం, దుర్గం సంస్కృతం సరే. కోట దగ్గర నిలబడి ఒక్కోదానికీ పేరు చెప్పుకుంటూ పోండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు రాజకుటుంబం ఎక్కడ కూర్చుని చూస్తారు, కోట బురుజు మీద. మా వాళ్ళకి సిరిమాను ఎంత తెలుసో బురుజు అంత తెలుసు, అది పక్కా తెలుగు మాటే అనుకుంటారు. బురుజు అరబ్బీ బుర్జ్. దుబాయ్‌లో ఉన్న ఆ పెద్ద బిల్డింగు పేరులో ఉన్నదీ అదే. ఖిల్లా కూడా అరబ్బీయే, పారసీ వాళ్ళ ద్వారా మనకి చేరింది, కోటకి అధికారి కిల్లేదారు. కందకం కూడా ఆ వైపుదే, అరబ్బీ వాళ్ళు ఖందక్ అంటారు, వాళ్ళకి పాత పారసీ నుంచి, అక్కడ దాని అర్థం తవ్వినది అని.

మరి కందకానికి మనకి సొంత మాట లేదా అంటే బంగారం లాంటి మాట ఉంది, అగడ్త. తమిళంలో అగళి, కన్నడంలో అగళు, మూలంలో తవ్వడం. అంటే చూడండి, పారసీ వాళ్ళూ తవ్వడం నుంచే పేరు పెట్టారు, మనవాళ్ళూ తవ్వడం నుంచే పెట్టారు. ఇప్పుడు ఏ గైడుని అడిగినా కందకం అంటాడు, అగడ్త అంటే పరీక్షలో అర్థాలు రాసేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు. నాకైతే అగడ్తే ఇష్టం, కానీ నేను కూడా నోటితో కందకమనే అంటాను.

ఎందుకిలా అయిందంటే, ఫిరంగులు వచ్చాక కోట కట్టే పద్ధతే మారింది. గోల్కొండ వాళ్ళ పాలన మన శ్రీకాకుళం దాకా ఉండేది, ఫౌజుదార్లు, కిల్లేదార్లు, జమాబందీ అన్నీ అప్పుడు దిగాయి. ఎవడు కొత్త టెక్నాలజీ తెస్తే వాడి మాట ఉంటుంది, ఇప్పుడు మనం సెల్లు టవరు అంటున్నట్టే.

గోస్తనీ_గట్టు

అమ్మా బాబోయ్ నేను రెండు లైన్లు వస్తాయేమో అనుకున్నాను. అందరికీ థాంక్స్. దంతవరపుకోట ఈ నెల్లోనే వెళ్తాను, బైకు మీద.

ఇంకో చిన్న డౌటు. మరి కొట్టు, కోఠీ, కోటప్పకొండ, ఇవన్నీ కూడా కోట చుట్టాలేనా? మా ఆఫీసు ఆయన మళ్ళీ అడుగుతాడు, ముందే ప్రిపేర్ అవ్వాలి. గడి, కటకం కూడా ఎవరూ చెప్పలేదు.

పాతనిఘంటువు

పోలిక చూసి చుట్టరికం కలిపేస్తే చాలా ఇబ్బందండీ. హైదరాబాదు కోఠీ అంటే పెద్ద భవనం, అక్కడ రెసిడెన్సీ ఉండేది. ఆ మాట, మన సరుకుల కొట్టు, ఇవి కోష్ఠం వైపువి, అంటే గది, ధాన్యం దాచే అర. కోట కాదు. కోటప్పకొండలో కోట కూడా కోట కాదు, అక్కడ త్రికూటం అంటే మూడు శిఖరాలు, కూటం మీదనుంచి కోటేశ్వరుడూ కోటప్పా వచ్చాయి. 

నిజమైన చుట్టం ఒకడున్నాడు, మీరు అడగలేదు. కొత్వాలు. చాలామంది అది ఉర్దూ అనుకుంటారు. పుట్టుక కోట్టపాలుడు, కోటని కాచేవాడు. హిందీలో కొత్వాల్ అయి, పారసీ రాసేవాళ్ళ చేతుల్లో పడి, ఊరి పోలీసు పెద్ద అయి, నిజాం రోజుల్లో హైదరాబాదుకి కొత్వాలు హోదాలో తిరిగొచ్చాడు. మన కోట ఇంత దేశం తిరిగి మారువేషంలో ఇంటికొస్తే మనమే గుర్తుపట్టలేదు.

గడి అనేది గఢ్ వైపుది. తెలంగాణలో దొరల గడీలు. మనకి పక్కనే ఒడియాలో గడ, కోటే. వాళ్ళ సంస్థానాలని గడజాత్ అనేవారు. ఇచ్ఛాపురం దాటితే కోటలు పోయి గడలు మొదలు.

కటకం ఇంకా బావుంటుంది. రాజుగారి దండు విడిసిన చోటు కటకం, అదే పోగాపోగా రాజధాని. ఒడిశా కటక్ అదే. గుంటూరు వైపు ధాన్యకటకం అదే. ఆ ధాన్యకటకమే ఇప్పటి ధరణికోట, అక్కడ ఏలినవాళ్ళకి కోట వాళ్ళు అనే పేరు కూడా ఉంది, కాకతి గణపతిదేవుడి కూతురు గణపాంబని ఇచ్చింది ఆ ఇంటికే. సంస్కృతంలో కటకం అన్న చోటికే తెలుగులో కోట అని పేరు పడింది చూశారా.

ఇంకొకటి కూడా పెట్టుకోండి, పేట. కోట లోపల రాజు, బయట పేటలో సంత, నేతవాళ్ళు, కోమట్లు. బెంగళూరులో కూడా కోటె, పేటె అని వేరువేరుగా ఉండేవి. మన జిల్లాల్లో ఇన్ని పేటలున్నాయి, ఒక్కోదానికీ దగ్గర్లో ఒకప్పుడు ఎవరో ఒకరి కోటో ఠాణావో ఉండే ఛాన్సు ఎక్కువ.

సాలూరు_లారీ

ఇంత చదివాను, నా వంతు కూడా వెయ్యనీండి. కోటలు కూలిపోయాయి గానీ మాట ఎక్కడికీ పోలేదు. ఎలచ్చన్లొస్తే టీవీలో పొద్దస్తమానం అదే, ఫలానా నియోజకవర్గం ఫలానా పార్టీకి కంచుకోట, ఈసారి కోటకి బీటలు, కోటలో పాగా వేశారు. కంచుతో కోట ఎవడైనా కట్టాడా? అయినా అందరికీ అర్థమవుతాది. ఇనపకోట అని ఎవరూ అనరు ఎందుకో.

ఇంకోటి, మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. మా ఓనరు గారికి ఇది డైలీ చెప్పాలనిపిస్తాది, చెప్పలేం కదా. పాతనిఘంటువు గారన్నట్టు ఇందులో కోట అంటే గోడే, ఇల్లు కాదు, దాటేది గోడనే కదా. గోస్తనీ అన్న వాళ్ళ అమ్మమ్మ కోటలో ఇల్లుంది, సామెత కోటలో గోడుంది. రెండూ మన దగ్గరే వాడుతున్నాం, ఎవరికీ తికమక లేదు.

మూడులాంతర్లు

ఆ పాయింటు బావుంది. మా ఊళ్ళో ఆటోవాణ్ణి "కోట" అంటే కోట జంక్షన్లో దింపుతాడు, అది మూడో అర్థం.

వంశధార_ఒడ్డు

గోస్తనీ, దంతవరపుకోటకి ఆమదాలవలస మీదుగా వస్తే దగ్గర. ఎండ ఎక్కకముందే వచ్చెయ్యి, గట్టుమీద నీడ ఉండదు, చెప్పులు కాకుండా బూట్లేసుకో, తుప్పల్లో ముళ్ళున్నాయి. వచ్చేముందు మెసేజ్ పెట్టు, ఖాళీగా ఉంటే నేనూ వస్తాను.

గోస్తనీ_గట్టు

తప్పకుండా అన్నా. చెన్నై ఆవిడకి కొత్వాలు సంగతి చెప్పాను, అది మటుకు ఒప్పుకుంది. పుదుక్కోట్టై విషయం ఇంకా తేలలేదు, సోమవారం కంటిన్యూ చేస్తాం.